వీపు మీది మోత: తేలికపాటి ట్రెకింగ్ సామానుపై వాదప్రతివాదాలు

ట్రెక్కర్ వీపు మీది బరువులో రెండు పాళ్లు ఉంటాయి. తిండి, నీళ్లు, ఇంధనం రోజురోజుకూ తరుగుతాయి. సంచి, టెంట్, స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్, మార్చుకునే బట్టలు, గిన్నె, పొయ్యి, టార్చి, మందుల పొట్లం మాత్రం మొదటి రోజు ఎంత బరువో ఆఖరి రోజూ అంతే. ఈ తరగని పాలును బేస్ వెయిట్ అంటారు. తేలికపాటి సామాను గురించిన వాదమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అమెరికాలో పౌండ్లలో పుట్టిన హద్దులే ఇవాళ అంతటా వాడుకలో ఉన్నాయి. 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోల లోపుంటే లైట్‌వెయిట్. 10 పౌండ్లు, అంటే 4.5 కిలోల లోపుంటే అల్ట్రాలైట్. 5 పౌండ్లు, అంటే 2.3 కిలోల లోపుంటే సూపర్ అల్ట్రాలైట్. ఇవి ప్రయోగాల్లో తేలిన అంకెలు కావు, గుర్తుంచుకోవడానికి వీలైన గుండ్రటి సంఖ్యలు.

బరువు తగ్గితే నడక సుఖమన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఏది వదలాలన్న దగ్గర వస్తుంది. అక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. శరీరానికి ఎంత బరువు పరవాలేదు? ఏది లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది? తేలిక కోసం ఎంత డబ్బు, ఎంత మన్నిక వదులుకోవచ్చు? మొదటిదానికి జవాబు శరీరశాస్త్రంలో, రెండోదానికి వాతావరణంలో, మూడోదానికి జేబులో ఉంటుంది. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరోదానికి అతికించడం వల్లే చర్చ ఇంతగా చిక్కుపడింది.

మోత తగ్గిన చరిత్ర

దూరప్రయాణాల్లో సామాను మోయడం చాలాకాలం ప్రయాణికుడి పని కాదు, పరివారం పని. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి వెంట డేరాలతో, సుమారు వందమంది పరివారంతో ఒక చిన్న ఊరే కదిలింది. హిమాలయాల్లో పాశ్చాత్యుల పర్వతయాత్రలు కూడా వందలాది కూలీల మీదే నడిచాయి. ఎరిక్ షిప్టన్, హెచ్. డబ్ల్యూ. టిల్మన్ 1934లో ఈ పద్ధతికి ఎదురు నడిచారు. అంగ్ థర్కే, పసంగ్, కుసంగ్ అనే ముగ్గురు షెర్పాలతో కలిసి, రిషి గంగ గండి గుండా, అప్పటిదాకా బయటివాళ్లు చొరలేకపోయిన నందాదేవి లోపలి లోయలో అడుగుపెట్టారు. అసలు బృందం ఐదుగురే. సామాను తగ్గితే కూలీలు తగ్గుతారు, కూలీలు తగ్గితే వాళ్ల తిండి తగ్గుతుంది, ఆ తిండిని మోయడానికి పెట్టుకునే కూలీలూ తగ్గుతారు. వారి లెక్క ఇదే. రెండేళ్ల తర్వాత, 1936లో, టిల్మన్ తోటి ఆరోహకుడు ఓడెల్‌తో కలిసి నందాదేవి శిఖరాన్నే ఎక్కాడు.

అమెరికాలో కథ వేరే దారిన నడిచింది. అక్కడ సామాను ఎవరిది వారే మోసుకోవాలి. నెస్‌మక్ అనే కలం పేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ పొట్టి మనిషి, జబ్బు మనిషి. 1883లో సుమారు 4.8 కిలోల చిన్న పడవతో అడిరాండాక్ సరస్సుల మీద ప్రయాణించాడు. మరుసటి ఏడు వచ్చిన అతని ‘వుడ్‌క్రాఫ్ట్’ పుస్తకం తేలిక ప్రయాణానికి తొలి పాఠ్యగ్రంథం లాంటిది. పడవ, దుప్పటి సంచి, రెండు రోజుల తిండి, చిన్న గొడ్డలి, గాలపు కర్ర అన్నీ కలిపినా తన మోత 26 పౌండ్లు దాటలేదని అందులో లెక్క చెప్పాడు. అంటే 12 కిలోలకు లోపే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత గాలి ఎదురు తిరిగింది. 1952లో డిక్ కెల్టీ అల్యూమినియం ఫ్రేము, నడుం పట్టీ ఉన్న సంచులు అమ్మడం మొదలుపెట్టాడు. బరువు భుజాల నుంచి తుంటి ఎముకల మీదికి దిగింది. మోయడం తేలికయ్యేసరికి మోసేది పెరిగింది. 20, 25 కిలోల సంచి మామూలైపోయింది. ఆ కాలంలోనే, 1955లో, 67 ఏళ్ల ఎమా గేట్‌వుడ్ సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ ట్రయిల్‌ను ఒంటరిగా, ఒకే సీజన్‌లో పూర్తిచేసింది. ఒక మహిళ అలా చేయడం అదే మొదటిసారి. ఆమె కాళ్లకు కాన్వాస్ బూట్లు, భుజాన స్వయంగా కుట్టుకున్న గుడ్డ సంచి. అందులో ఒక దుప్పటి, రెయిన్‌కోటు, వానకు అడ్డుపెట్టుకునే ప్లాస్టిక్ స్నానగది తెర. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగూ లేదు.

ఈ చెదురుమదురు ఉదాహరణలను ఒక పద్ధతిగా మలిచినవాడు రే జార్డిన్. కొండరాళ్లు ఎక్కేవాళ్లు వాడే ‘ఫ్రెండ్స్’ అనే స్ప్రింగు పరికరాన్ని కనిపెట్టింది ఇతనే. 1992లో పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్ మీద అతని చేతిపుస్తకం వచ్చింది. ఫ్రేము లేని సంచి, టెంటుకు బదులు టార్పు అనే ఒంటి గుడ్డ కప్పు, స్లీపింగ్ బ్యాగుకు బదులు బొంత, బూట్లకు బదులు పరుగు షూ, ఎండావానలకు గొడుగు. ఇవన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడినవి: టెంటు తేలికైతే చిన్న సంచి చాలు, సంచి చిన్నదైతే ఫ్రేము అక్కర్లేదు, మొత్తం మోత తగ్గితే బరువైన బూట్లు అక్కర్లేదు. 1998లో మొదలైన గోలైట్ కంపెనీ అతని నమూనాలను మార్కెట్లోకి తెచ్చింది. తర్వాత పోటీ పడవల తెరచాపల కోసం తయారైన క్యూబెన్ ఫైబర్ సంచులకూ టెంట్లకూ వచ్చింది. ఇప్పుడు దాన్నే డైనీమా కాంపోజిట్ ఫాబ్రిక్ అంటున్నారు.

రెండు పక్షాలు, మధ్యలో ఎక్కువమంది

ఒక వైపు సన్నద్ధత పక్షం ఉంది. సియాటిల్‌లోని మౌంటెనీర్స్ సంస్థ ప్రచారం చేసిన ‘పది అత్యవసరాలు’ వీరి ఆధారం. ఈ జాబితా 1974లో ఆ సంస్థ పాఠ్యపుస్తకంలో చేరింది: మ్యాపు, దిక్సూచి, టార్చి, అదనపు తిండి, అదనపు బట్టలు, చలువ కళ్లద్దాలు, ప్రథమ చికిత్స పెట్టె, చాకు, అగ్గిపెట్టె, నిప్పు రాజేసే సామగ్రి. కొండ మీద వాతావరణం చెప్పి మారదు, కాలు మెలిక పడితే రాత్రంతా ఒకేచోట గడపాల్సి రావచ్చు. వాడకుండా ఇంటికి తిరిగొచ్చిన వస్తువు కూడా తన పని చేసినట్టేనని ఈ పక్షం నమ్మకం.

అల్ట్రాలైట్ పక్షం వాదన వేరు. బరువు కింద అలసిన మనిషే తడబడతాడు, పొద్దుపోయాక కూడా కొండ మీదే చిక్కుకుంటాడు, కాబట్టి తేలిక కూడా ఒక రక్షణే. ఒక వస్తువు రెండు పనులు చేయాలి. నడక కర్రే టెంటుకు గుంజ, మడిచిన మ్యాటే సంచికి వెన్ను, డౌన్ (పక్షి నూగు) నింపిన జాకెట్ రాత్రి పడకలో ఒక పొర. వస్తువు చేయని పనిని నేర్పు చేస్తుందంటారు వీరు. గాలి ఏ వైపు నుంచి వస్తుందో, నీరు ఎక్కడ చేరుతుందో చూసి చోటు ఎంచుకోవడం వస్తే టార్పు చాలు.

ఈ చివరి మాటలోనే ఆ పక్షం బలమూ బలహీనతా ఉన్నాయి. నేర్పు బరువు లేనిదే గాని కొనగలిగింది కాదు. అనుభవజ్ఞుడి జాబితాను చూసి కొత్తవాడు అదే టార్పు కొంటే, దాన్ని కట్టే నేర్పు ఆ పెట్టెలో రాదు. ఆండ్రూ స్కర్కా వంటి దూరనడక నిపుణుడే అతి తేలికను తప్పుపట్టాడు. అంకెల పోటీ ఇంకో చెడ్డ అలవాటు కూడా తెచ్చింది. వస్తువును సంచిలోంచి తీసి జేబులో వేసుకుంటే బేస్ వెయిట్ తగ్గినట్టు కనిపిస్తుంది, కాళ్లకు మాత్రం తేడా ఉండదు. ఒంటి మీది బట్టలతో సహా మొత్తం తూచాలని కొందరు పట్టుబట్టేది అందుకే.

శరీరం చెప్పేది

నడిచే మనిషి ఖర్చుచేసే శక్తి బరువుతో, వేగంతో, ఎక్కుడుతో పెరుగుతుంది. దీన్ని సూత్రంగా రాసిన పాండాల్ఫ్ సమీకరణం 1977 నాటిది. అంతకుముందే, 1969లో, సోల్, గోల్డ్‌మన్ అనే అమెరికా సైనిక పరిశోధకులు బరువును తల మీద, చేతుల్లో, పాదాల మీద పెట్టి కొలిచారు. పాదాల మీది బరువుకు, శరీరానికి అంటిపెట్టుకున్న అదే బరువు కంటే నాలుగు నుంచి ఆరు రెట్ల శక్తి ఖర్చవుతుందని తేలింది. బూట్ల చర్చకు గట్టి ఆధారం ఇదే.

సంచి శరీర బరువులో ఐదో వంతు మించకూడదన్న మాటకు ఇంత బలం లేదు. కెన్యాలోని లువో, కికుయు స్త్రీలు తమ బరువులో 20 శాతం దాకా తల మీద మోసినా అదనపు శక్తి ఖర్చు కావడం లేదని 1986లో ఒక అధ్యయనం చూపింది. నేపాల్‌లో నామ్చే దారిన నడిచే కూలీల మీద 2005లో వచ్చిన అధ్యయనంలో పురుషుల సగటు మోత వారి శరీర బరువులో 93 శాతం. నుదుటికి పట్టీ తగిలించుకుని, ఆగి ఆగి నడిచే వారి పద్ధతి చిన్ననాటి నుంచీ అలవడినది. ఏడాదంతా కంప్యూటరు ముందు కూర్చుని వారం రోజులు కొండెక్కే మనిషికి ఇవి వర్తించవు. కానీ హద్దు శరీరాన్ని బట్టి, అలవాటును బట్టి మారుతుందని మాత్రం స్పష్టం చేస్తాయి.

సంచి, గూడు, పడక

అందరూ ఒప్పుకునే సూత్రం ఒకటుంది: ముందు పెద్ద వస్తువులు చూడాలి. ఒంటరిగా ఐదు రోజుల నడకకు పాత పద్ధతిలో సర్దితే సంచి 2.2 కిలోలు, రెండు పొరల టెంట్ 2.5, సింథటిక్ స్లీపింగ్ బ్యాగ్ 1.8, మ్యాట్ 0.6, మొత్తం 7.1 కిలోలు ఉంటుంది. మధ్యస్థంగా సర్దితే సంచి 1.2, టెంట్ 1.4, డౌన్ బ్యాగ్ 1.0, మ్యాట్ 0.4, కలిపి 4 కిలోలు. అల్ట్రాలైట్ పద్ధతిలో ఫ్రేము లేని సంచి 0.5, టార్పు 0.4, బొంత 0.6, నురగ మ్యాట్ 0.2, కలిపి 1.7 కిలోలు. మొదటి మెట్టులో తగ్గిన 3.1 కిలోలకు సుఖంలో గాని రక్షణలో గాని పెద్దగా నష్టం లేదు. రెండో మెట్టులో తగ్గిన 2.3 కిలోలకు డబ్బూ, సుఖమూ, కొంత రక్షణా చెల్లించాలి. అందుకే చాలామంది అనుభవజ్ఞులు మొదటి మెట్టు దగ్గరే ఆగుతారు. టూత్‌బ్రష్ పిడి కోస్తే మిగిలేది పది గ్రాముల లోపు. దారిలో ఊట ఉందని తెలియక అదనంగా మోసిన లీటరు నీరు కిలో బరువు.

సంచిలో ఫ్రేము బరువు అరకిలో అటూ ఇటూ ఉంటుంది. మొత్తం మోత 9, 10 కిలోల లోపుంటే అది లేకపోయినా నడుస్తుంది, దాటితే భుజాలు పట్టేస్తాయి. సంచిని ఆఖరున కొనాలని చెప్పేది ఇందుకే. లోపల పెట్టేది ఎంతో తెలియకుండా ఎంత సంచి కావాలో తెలియదు.

బొంత వెనక సూత్రం సులువైనది. ఉన్ని గాని డౌన్ గాని వేడిని నిలిపేది తనలో చిక్కిన గాలితో. ఒంటి కింద నలిగిన భాగంలో గాలి ఉండదు, వెచ్చదనమూ ఉండదు. కాబట్టి ఆ భాగాన్ని తీసేసి, కింది చలిని మ్యాటుకు అప్పగిస్తారు. అప్పుడు మ్యాటుదే భారం. నేల చలిని అది ఎంత ఆపుతుందో చెప్పేది ఆర్-వాల్యూ. కంపెనీకో తీరుగా కొలిచే ఈ అంకెకు 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ విలువలు కలుస్తాయి. మంచు మీద పడుకునేవారికి ఇది ఖరీదు లేని ఉపాయం.

స్లీపింగ్ బ్యాగుల్లో ఐరోపా ప్రమాణం ఈఎన్ 13537, దాని తర్వాత వచ్చిన ఐఎస్ఓ 23537 మూడు ఉష్ణోగ్రతలు చెబుతాయి. కంఫర్ట్ అంటే సగటు స్త్రీ హాయిగా నిద్రపోగలిగేది. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని ఎలాగో నిద్రపోగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలవడానికి సంబంధించినది, నిద్రకు కాదు. లేబుల్ మీద ఒక్క అంకే ఉంటే అది ఈ మూడింట్లో ఏదో అడిగి తెలుసుకున్నాకే కొనాలి. డౌన్, సింథటిక్ వాదం కూడా ఇక్కడిదే. అంతే బరువుకు డౌన్ ఎక్కువ వెచ్చన, చిన్న మూటగా సర్దుకుంటుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది. తడిస్తే మాత్రం ముద్దగా మారి పనికిరాదు. సింథటిక్ తడిలోనూ కొంత వెచ్చదనం ఇస్తుంది.

టెంట్లలో ఒంటి పొరది తేలిక, కానీ ఊపిరి తేమ లోపలి గోడకు పట్టి చుక్కలుగా కారుతుంది. పొడి ఎడారి గాలిలో ఇది చిన్న విషయం, తేమ నిండిన లోయలో డౌన్ బ్యాగును తడిపేంత పెద్ద విషయం. బట్టలోనూ తేడా ఉంది. నైలాన్ తడిస్తే సాగి వదులవుతుంది, రాత్రి లేచి తాళ్లు బిగించాలి. పాలిస్టర్ అంతగా సాగదు. డైనీమా అసలు సాగదు గాని ఆ టెంట్ల ధర అమెరికాలోనే 600 డాలర్లు దాటుతుంది.

కాళ్లకు ఏది?

పరుగు షూ తేలిక, త్వరగా ఆరతాయి. పాదాల మీది బరువు గురించిన 1969 ఫలితం వీటికే మద్దతిస్తుంది. ఎత్తు బూటు చీలమండ మెలిక పడకుండా కాపాడుతుందన్న నమ్మకం గట్టిదే అయినా దానికి ఆధారాలు అంత గట్టివి కావు. ఇసుక, మట్టి, అడవి దారుల్లో షూ గెలుస్తాయి. మంచు తన్నుకుంటూ మెట్లు చేసుకునే చోట, గడ్డకట్టిన వాలు మీద, బిగువైన అట్ట ఉన్న బూటే కావాలి.

పొయ్యి, తిండి, నీళ్లు

స్పిరిట్ పొయ్యి 20, 30 గ్రాములకే దొరుకుతుంది. కానీ స్పిరిట్‌లో ఉండే వేడి, అంతే బరువున్న గ్యాస్‌లో ఉండేదానిలో 60 శాతమే. రెండు రోజుల నడకకు స్పిరిట్ తేలిక, పది రోజులకు గ్యాసే తేలిక. చలిలో గ్యాస్‌కూ చిక్కుంది. మామూలు బ్యుటేన్ సున్నా దగ్గరకే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యుటేన్ మైనస్ 11 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. కొనేముందు డబ్బా మీద ఈ మిశ్రమం చూడాలి. గ్యాస్ డబ్బాలను విమానంలో అనుమతించరు కాబట్టి ట్రెక్ మొదలయ్యే ఊళ్లో అవి దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి.

తిండిలో గ్రాముకు ఎన్ని కేలరీలన్నదే కొలత. నెయ్యి 100 గ్రాములకు 900 కేలరీలకు దగ్గరగా, పల్లీలు 560 పైన, బియ్యం, అటుకులు 350 ప్రాంతంలో ఇస్తాయి. సున్నుండలు, పల్లీచిక్కీ, నువ్వుండలు ఈ లెక్కకు చక్కగా సరిపోతాయి. ఖరీదైన ఎనర్జీ బార్లు వాటికంటే పెద్దగా ఎక్కువ ఇచ్చేదేమీ లేదు. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకో లెక్క వస్తుంది. 4,000 మీటర్ల దగ్గర నీరు 87 డిగ్రీలకే మరుగుతుంది. బియ్యం, కందిపప్పు ఎంతకీ ఉడకవు, గ్యాస్ మాత్రం అయిపోతుంది. వేడినీళ్లు పోసి మూతపెడితే మెత్తబడే అటుకులు, ఉప్మా పొడి అక్కడ తిండి బరువుతో పాటు ఇంధనం బరువునూ తగ్గిస్తాయి.

నీటికి వాడే పిండే ఫిల్టర్లు వంద గ్రాముల లోపే ఉంటాయి. అవి బాక్టీరియాను ఆపుతాయి గాని వైరస్‌లను ఆపవు. మనుషులూ పశువులూ తిరిగే మన లోయల్లో ఫిల్టర్‌తో పాటు క్లోరిన్ మాత్రలో, మరిగించడమో కావాలి. ఒకసారి గడ్డకట్టిన ఫిల్టర్ చూడ్డానికి బాగానే ఉన్నా లోపలి గొట్టాలు చిట్లిపోయి ఉండవచ్చు. రాత్రిళ్లు దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవడం అందుకే.

జాబితా దేశం మారితే

అమెరికా జాబితాలు ఎక్కువగా పశ్చిమ రాష్ట్రాల పొడి ఎండాకాలానికి రాసినవి. అక్కడ కూడా చోటును బట్టి లెక్క మారుతుంది. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు కాలిఫోర్నియాలో జాన్ మ్యూర్ ట్రయిల్‌కు వెళితే, చాలా చోట్ల ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో తిండి పెట్టడం నిబంధన. దాని బరువే కిలో పైన.

భారతదేశంలో తేడా ఇంకా పెద్దది. ఇక్కడ హిమాలయ ట్రెక్ అంటే ఎక్కువమందికి నిర్వాహకులు ఇచ్చే టెంటు, వాళ్ల స్లీపింగ్ బ్యాగు, వాళ్ల వంటే. అమెరికావాళ్లు నాలుగైదు కిలోలు తగ్గించుకునే సామానే ఇక్కడి ట్రెక్కర్ వీపు మీద లేదు. అయినా హైదరాబాద్, విశాఖ నుంచి మొదటిసారి వెళ్లేవారి సంచి పది కిలోలు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం బట్టలు. జీన్స్ ప్యాంటు ఒక్కటే అరకిలో పైన, తడిస్తే ఇంకా ఎక్కువ, ఆరడానికి రెండు రోజులు. రోజుకో జత చొప్పున నూలు బట్టలు తీసుకెళ్లే బదులు నడకకు ఒక సింథటిక్ జత, నిద్రకు ఒక పొడి జత, చలికి ఒక ఫ్లీస్, ఒక జాకెట్, వానకు ఒక పాంచో పెట్టుకుంటే రెండు మూడు కిలోలు పైసా ఖర్చు లేకుండా తగ్గుతాయి. ఇక్కడ తేలిక నడక మొదలుకావాల్సింది ఈ బట్టల మూట దగ్గర, విదేశీ టెంట్ల దగ్గర కాదు.

తూర్పు కనుమల్లో లంబసింగి, అరకు ప్రాంతాల చలికాలం వదిలేస్తే డౌన్ అవసరమే పడదు. పలచటి దుప్పటి, దోమతెర, వానకు గట్టి కప్పు ఉంటే చాలు. సహ్యాద్రి వానాకాలపు నడకల్లో డౌన్ పనికిరాదు, సింథటిక్ గెలుస్తుంది. చలికాలంలో కేదార్‌కంఠ వంటి చోట్ల, మైనస్ 10 డిగ్రీల రాత్రుల్లో, సన్నద్ధత పక్షం మాటే నెగ్గుతుంది. ఒకే మనిషి ఒకే ఏడాదిలో ఈ మూడు చోట్లకూ వెళితే మూడు జాబితాలు రాసుకోవాలి.

చట్టం కూడా లెక్కలో ఉంటుంది. పాశ్చాత్య జాబితాల్లో వంద గ్రాముల ఉపగ్రహ సందేశ పరికరం తప్పనిసరి వస్తువు. దాని భరోసాతోనే అక్కడ మిగతా సామాను తగ్గిస్తారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా దాన్ని వాడటం నేరం. దాన్ని వెంట తెచ్చిన విదేశీయులను అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. సాయం పిలిచే దారి తగ్గినప్పుడు, సాయం వచ్చేదాకా నిలబెట్టే వెచ్చని పొర, అదనపు పూట తిండి సంచిలో ఉండాలి. ఈ దేశంలో అల్ట్రాలైట్ జాబితాను యథాతథంగా పాటించడం సరికాదనడానికి ఇంతకంటే గట్టి కారణం లేదు.

ఇంకా తేలనివి

మొదటిది భద్రత. ప్రమాదం జరిగినప్పుడు సామాను తక్కువ కావడం కారణమా, అనుభవం తక్కువ కావడం కారణమా అని విడదీయడం కష్టం. రెండు పక్షాలూ ఒకే ప్రమాదాన్ని తమ తమ వాదనకు ఆధారంగా చూపుతుంటాయి.

రెండోది మన్నిక. పలచటి బట్ట ముళ్లకు చిరుగుతుంది, పరుగు షూ వందల కిలోమీటర్లలోనే అరిగిపోతాయి. పదేళ్లు మన్నే బరువైన సంచి మేలా, మూడేళ్లకోసారి మార్చే తేలిక సంచి మేలా అన్న ప్రశ్నకు డబ్బు పరంగా ఒక జవాబు, చెత్త పరంగా ఇంకో జవాబు వస్తాయి. వాన జాకెట్లది మరో చిక్కు. నీరు నిలవకుండా జారిపోయేందుకు వాడిన ఫ్లోరిన్ రసాయనాలు ఏళ్ల తరబడి నేలలో, నీళ్లలో మిగిలిపోతాయి. గోర్‌టెక్స్ వంటి బ్రాండ్లు వేరే పొరలకు మారుతున్నాయి. కొత్త పొరలు పాతవాటిలా పనిచేస్తాయా అన్న వాదం ఇంకా నడుస్తోంది.

మూడోది మోత ఎవరిదన్నది. హిమాలయ ట్రెక్కుల్లో రోజుకింత చెల్లించి సంచిని కంచరగాడిద మీదికో, కూలీ వీపు మీదికో ఎక్కించవచ్చు. అప్పుడు ట్రెక్కర్ భుజాన చిన్న సంచి మాత్రమే మిగులుతుంది. పెరూలో ‘ఇన్‌కా ట్రయిల్’ కూలీల మోతకు 2001 నాటి చట్టం 20 కిలోల హద్దు పెట్టింది. కిలిమంజారో పార్కులోనూ హద్దు అంతే. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో ఎత్తైన పచ్చికబయళ్లయిన బుగ్యాల్‌లలో రాత్రి బస నిషేధించింది. రూప్‌కుండ్ వంటి పేరున్న దారులు దాంతో మూతపడ్డాయి. ఆ పచ్చికలు మనుషుల గుడారాల వల్లే కాదు, వాళ్ల సామాను మోసే జంతువుల గిట్టల వల్లా దెబ్బతింటాయి. ట్రెక్కర్ దించుకున్న పది కిలోలు బేస్ వెయిట్ లెక్కలో సున్నాగా కనిపిస్తాయి, దారి మీద మాత్రం అవి పది కిలోలే. తేలిక సామాను జాబితాలు రాసేవారు ఈ బరువును కూడా లెక్కలోకి తేవాలన్న వాదన ఇప్పుడిప్పుడే బలపడుతోంది.